ఇంట్లో త్రీడీ టీవీ: ఇప్పుడు కొనవచ్చా?

మా పిన్ని కొడుకు ఈ మధ్య కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు మారుతూ, పాత సామాను అమ్మే యాప్‌లో 47 అంగుళాల త్రీడీ టీవీ ఒకటి చవకగా కనిపించిందనీ, తీసుకోమంటావా అన్నయ్యా అనీ ఫోను చేశాడు. త్రీడీ కోసమైతే వద్దని అప్పటికి చెప్పి ఊరుకున్నాను. బొమ్మ బాగుండకపోవడం వల్లే త్రీడీ టీవీలు పోయాయని చాలామంది అనుకుంటారు కానీ, నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. మనం ఇంట్లో టీవీ చూసే తీరుకూ, త్రీడీ మన నుంచి కోరే తీరుకూ మొదటినుంచీ పొత్తు కుదరలేదు.

తెలుగువారికి త్రీడీ కొత్త కాదు. 1984లో మలయాళంలో వచ్చిన మన దేశపు తొలి త్రీడీ చిత్రాన్ని తెలుగులో 'చిన్నారి చేతన'గా చూసిన తరం ఇంకా ఉంది. అయితే అదంతా సినిమా హాలు వ్యవహారం. 2009 డిసెంబరులో 'అవతార్' విడుదలయ్యాక ఆ ముచ్చటను ఇంటికి తెస్తామంటూ 2010లో పెద్ద కంపెనీలన్నీ త్రీడీ టీవీలను బజారులోకి దించాయి. అదే ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుతో అమెరికాలో మొదలైన ఈఎస్‌పీఎన్ త్రీడీ చానల్ 2013లో మూతపడింది, బీబీసీ కూడా ఆ ఏడాదే తన త్రీడీ ప్రసారాలను పక్కన పెట్టింది. సామ్‌సంగ్ 2016లో, ఎల్‌జీ, సోనీ 2017లో కొత్త మోడళ్లలో ఈ సదుపాయాన్ని మానేశాయి.

ఈ టీవీలలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో కళ్లద్దాలకే బ్యాటరీ ఉంటుంది. తెర మీద ఎడమ కంటి బొమ్మ, కుడి కంటి బొమ్మ ఒకదాని తరువాత ఒకటి వస్తుంటే, అద్దాలలోని లిక్విడ్ క్రిస్టల్ పొర ఆ లయకు తగినట్టు ఒక కంటిని మూసి మరొక కంటిని తెరుస్తుంది. ఒక్కొక్క కంటికి పూర్తి హెచ్‌డీ బొమ్మ అందడం దీని గొప్ప, వెలుగు సగానికి పైగా తగ్గిపోవడం దీని లోపం. మన ఇళ్లలో దీనికి ఇంకొక చిక్కు కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల చోకు బిగించిన పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, అద్దాలేమో సాధారణంగా ఒక్కొక్క కంటికి సెకనుకు 60 సార్లు తెరుచుకుంటాయి. ఈ రెండు లయలూ కలవకపోవడంతో గదిలోని వెలుగంతా వణుకుతున్నట్టు కనిపించి, అరగంటకే నుదురు బరువెక్కుతుంది.

రెండవ రకంలో అద్దాలు తేలిక, బ్యాటరీ ఉండదు, ధర తక్కువ. తెర మీద ఒక వరుస ఎడమ కంటికీ, తరువాతి వరుస కుడి కంటికీ కేటాయించి ఉంటుంది కనుక, 1080 వరుసల తెరలో ఒక్కొక్క కంటికి దక్కేవి 540 మాత్రమే. నన్నడిగితే ఇంటికి ఈ రకమే నయం, కాకపోతే దీనిని తెరకు దాదాపు సమానమైన ఎత్తులో కూర్చుని చూడాలి.

ఆ షరతు మన ఇళ్లలో ఎలా అమలవుతుందో మలక్‌పేటలో మా బాబాయి ఇంట్లో చూశాను. గోడకు కాస్త ఎత్తుగా బిగించిన రెండవ రకం టీవీ అది. బాబాయి తన కళ్లజోడు మీద త్రీడీ అద్దాలు పెట్టుకుని, అవి జారకుండా ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పిన్ని అలవాటు ప్రకారం కింద చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తి చూస్తే, అంత కింది నుంచి ఒక వరుస వెలుగు పక్క వరుసలోకి చొరబడి ఆవిడకు ప్రతి మనిషీ ఇద్దరుగా కనిపించాడు. దివాను మీద పక్కకు ఒరిగి పడుకున్న పిల్లవాడికి లోతే కనిపించలేదు. రెండు బొమ్మల మధ్య తేడా అడ్డంగా ఉండాలి కాబట్టి, తల పక్కకు వాలితే ఏ రకం టీవీ అయినా ఏమీ చేయలేదు. పావుగంట తిరగకుండానే పిన్ని అద్దాలు తీసేసి, మామూలు బొమ్మ పెట్టమన్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? చిక్కుడుకాయలో పురుగుందో లేదో ఆ నల్లద్దాలలోంచి ఎవరికి కనిపిస్తుంది?

కళ్ల అలసటకు అసలు కారణం వేరు. బొమ్మ తెర ముందుకు పొడుచుకు వచ్చినట్టు కనిపించినప్పుడు రెండు కళ్లూ ఆ దగ్గరి చోటికి మళ్లుతాయి, కానీ కంటి కటకం మాత్రం తెర ఉన్న దూరానికే చూపును సరిచేసుకోవాలి. సినిమా హాలులో తెర చాలా దూరాన ఉంటుంది కాబట్టి ఈ పేచీ అంతగా తెలియదు, ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న టీవీతో అది బాగా తెలుస్తుంది. పైగా పెద్ద తెర కోసం తీసిన చిత్రాన్ని చిన్న తెర మీద వేస్తే, రెండు బొమ్మల మధ్య ఎడం కూడా అదే నిష్పత్తిలో కుదించుకుపోయి లోతు పలచబడుతుంది, మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబెట్టిన అట్టబొమ్మల్లా కనిపిస్తారు. ముందుకు వచ్చిన చేయి ఫ్రేము అంచు దగ్గర తెగిపోతే ఆ కాస్త భ్రమ కూడా చెడుతుంది. ఇక మామూలు బొమ్మను అప్పటికప్పుడు త్రీడీగా మార్చే మీట గురించి చెప్పడానికేమీ లేదు, దాని జోలికి పోకపోవడమే మేలు.

చూడడానికి చిత్రాలు కూడా ఉండాలి కదా. 'రుద్రమదేవి' మొదలుకొని 'ఆర్ఆర్ఆర్', 'కల్కి 2898 ఏడీ' దాకా మన చిత్రాలు హాళ్లలో త్రీడీలో ఆడాయి, కానీ టీవీలోని ఓటీటీ యాప్‌లో అవే చిత్రాలు పెడితే మామూలు బొమ్మే వస్తుంది. త్రీడీ బ్లూరే డిస్కులూ, వాటికి తగిన ప్లేయరూ సమకూర్చుకుంటే తప్ప ఆ టీవీకి పని ఉండదు.

ఇంతమాత్రాన ఇంట్లో త్రీడీ ఎవరికీ తగదని అనను. ఒక గదిని చీకటి చేసుకుని, సెల్‌ఫోను పక్కన పడేసి, రెండు గంటలు తెరకు ఎదురుగా నిటారుగా కూర్చోగలిగిన సినిమా పిచ్చి ఉన్నవారికి అది ఇప్పటికీ దక్కుతుంది, కాకపోతే టీవీతో కాదు. చిన్న చిన్న అద్దాల చిప్పుతో గోడ మీద బొమ్మ వేసే డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో చాలావాటికి త్రీడీ సదుపాయం ఇంకా ఉంది. గోడంత తెర పడుతుంది కాబట్టి లోతు కూడా నిలుస్తుంది. తలకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్లలో ఒక్కొక్క కంటికి విడి బొమ్మ అందుతుంది కనుక ఒకటి రెండుగా కనిపించే బెడద ఉండదు, కానీ అది ఒంటరి వినోదం. టీవీయే కావాలని పట్టుబట్టేవారు 2016 నాటి ఎల్‌జీ 4కే ఓఎల్‌ఈడీ త్రీడీ మోడళ్ల కోసం వెతకడం మంచిది, ఎందుకంటే 4కే తెరలోని 2160 వరుసలను సగం పంచుకున్నా ఒక్కొక్క కంటికి 1080 వరుసలు మిగులుతాయి.

మా తమ్ముడికి తరువాత చెప్పిన జాగ్రత్తలు ఇవి. త్రీడీ ఉందని ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వవద్దు, పాత హెచ్‌డీ టీవీగానే బేరమాడాలి. అద్దాలకు బ్యాటరీ ఉంటే అవి పనిచేస్తున్నాయో లేదో అమ్మే ఇంట్లోనే పెట్టి చూసుకోవాలి, ఎందుకంటే రిమోటు పోతే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది కానీ, తయారీ ఆగిపోయిన మోడలుకు అద్దాలు అలా దొరకవు. బ్యాటరీ లేని రకమైతే ఆ బెంగ తక్కువ, సినిమా హాలులో వాడే రియల్‌డీ అద్దాలు కూడా వాటికి సాధారణంగా సరిపోతాయి. అంత పాత టీవీలో నేటి యాప్‌లు నడవవు కాబట్టి, వెనకాల తగిలించే స్ట్రీమింగ్ స్టిక్కు ఖర్చు కూడా ధరలో కలుపుకుని చూడమన్నాను.