26 ఏళ్లకే కట్టుడు పళ్ళా?

వయసులో ఉన్న మనిషికి పళ్ళు తీసేయాలని డాక్టరు చెబితే ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు. షుగరొచ్చిందంటే, థైరాయిడ్ వచ్చిందంటే జాలిపడే చుట్టాలే పళ్ళు పోతున్నాయంటే మాత్రం సరిగ్గా తోముకోలేదేమో అన్నట్టు చూస్తారు. నేను ఇది రాస్తున్నది ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసం, ముఖ్యంగా ఒక చేతిలో లక్షల్లో ఎస్టిమేటు, ఇంకో చేతిలో పళ్ళ సెట్టు ధర పట్టుకుని ఈ రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలనుకుంటున్నవాళ్ళ కోసం.

నాకు పుచ్చుపళ్ళు లేవు. చిన్నప్పుడు సత్తెనపల్లిలో స్కూలుకి పళ్ళ క్యాంపు వస్తే అందర్లోకీ నా పళ్ళే బాగున్నాయన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక బ్రష్ చేస్తుంటే రక్తం కనబడేది, పైన ముందు పళ్ళ మధ్య సందు మెల్లగా పెరిగింది, తర్వాత జామకాయ కొరికితే పన్ను కదిలినట్టనిపించేది. నొప్పి మాత్రం లేదు. ఈ జబ్బులో మోసం అక్కడే ఉంది. హాస్టల్ దగ్గరున్న క్లినిక్‌లో చూపిస్తే పైపైన క్లీనింగ్ చేసి, మెత్తటి బ్రష్ వాడమని, పేస్టు మార్చమని చెప్పి పంపేశారు. చిగుళ్ళలోకి కొలత కడ్డీ పెట్టి చూడలేదు, ఎక్స్‌రే తీయలేదు. ఆ మాట నమ్ముకుని గడిపిన కాలంలో ఎముక ఎంత పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత వేరేచోట ఓపీజీ తీశారు, రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనబడే పెద్ద ఎక్స్‌రే. పన్ను వేరు చుట్టూ ఉండాల్సిన ఎముక చాలాచోట్ల సగానికి దిగిపోయింది, కొన్నిచోట్ల వేరు కొసన మాత్రమే మిగిలింది. చిగురుకీ పన్నుకీ మధ్య లోతు మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలట, నాకు కొన్నిచోట్ల 8 వచ్చింది. చిన్న వయసులోనే వేగంగా ముదిరే చిగుళ్ల జబ్బు ఇది. అగ్రెసివ్ పెరియోడాంటైటిస్ అనేవారు, 2018 నుంచి కొత్త వర్గీకరణలో గ్రేడ్ సి అంటున్నారు. ఎక్కువగా మొదటి దవడ పళ్ళనీ ముందు పళ్ళనీ పట్టుకుంటుంది. గార పెద్దగా పేరుకోకపోయినా వస్తుంది, కుటుంబాల్లో నడుస్తుంది. సిగరెట్, షుగర్ దీన్ని ఇంకా పెంచుతాయి కాబట్టి నాకు గడిచిన మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష కూడా చేయించారు, అది మామూలుగానే ఉంది.

అక్కడి డాక్టరు రెండే దారులు చెప్పారు. ఒకటి, పైపళ్ళన్నీ, కింద కొన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోవడం, 30,000 లోపు అయిపోతుంది. రెండోది, అన్నీ తీసేసి ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో స్క్రూలు, వేసి వాటి మీద కదలని పళ్ళు కట్టడం, 6 లక్షల పైమాట. ఇంప్లాంట్లయితే నెలనెలా ఈఎమ్‌ఐ పెట్టుకోవచ్చని రిసెప్షన్‌లో అమ్మాయి కాగితం కూడా చేతిలో పెట్టింది. ఆఫీసు ఇన్సూరెన్స్ అడిగితే యాక్సిడెంట్‌లో పళ్ళు పోతే తప్ప దంత వైద్యానికి ఇవ్వరన్నారు. నా జీతం, నాన్న మిరప పంట మీద ఉన్న అప్పు, అమ్మ వేస్తున్న చీటీ, ఇవన్నీ కలిపి లెక్కేసినా 6 లక్షలు ఎక్కడా కనబడలేదు.

ఇంట్లో చెప్పాక టెన్షన్ ఇంకో రకంగా మొదలైంది. అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. అమ్మ ముందు ఏడ్చి, తర్వాత తన గొలుసు, గాజులు కలిపి ఎంతొస్తుందో షాపులో కనుక్కుని వచ్చింది. పెద్దమ్మ, "పిల్లకి పళ్ళ సెట్టు అని తెలిస్తే ఎవరు చేసుకుంటారే, అప్పు చేసైనా గట్టి పళ్ళు పెట్టించండి" అంది. నాన్న మాత్రం ఫోన్‌లో "నువ్వు అన్నం తినగలుగుతున్నావా అమ్మా?" అని అడిగారు. అన్ని మాటల్లో నాకు పనికొచ్చినది అదే, ఎందుకంటే అప్పటిదాకా మేమంతా నవ్వు గురించీ పెళ్ళి గురించీ డబ్బు గురించీ మాట్లాడుతున్నాం గానీ జబ్బు గురించి ఎవరం మాట్లాడట్లేదు.

కట్టుడు పళ్ళంటే నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. పై సెట్టు బాగానే కూర్చుంటుంది. కింది సెట్టు ఎన్నిసార్లు సరిచేయించినా నిలవక డబ్బాలోనే ఉంటుంది, జంతికలు పొడి చేసుకుని తింటుంది. అలా ఎందుకవుతుందో తర్వాత తెలుసుకున్నాను. వేరు ఉన్నంతకాలం దవడ ఎముకకి పని ఉంటుంది. పన్ను తీసేశాక ఆ ఎముక కరగడం మొదలుపెడుతుంది, మొదటి ఏడాదిలో ఎక్కువ, ఆ తర్వాత నెమ్మదిగా, కానీ ఆగదు. కింది దవడలో సెట్టుకి ఆనుకునే చోటు తక్కువ, నాలుక కదులుతూ దాన్ని ఎత్తేస్తుంటుంది, అందుకే కిందిదే ముందు వదులవుతుంది. 65 ఏళ్లకి సెట్టు పెట్టుకున్న మనిషికీ 26కి పెట్టుకున్న మనిషికీ తేడా అందం కాదు, ముందున్న ఏళ్ళు. నా ఎముక ఇంకో యాభై ఏళ్ళు కరగకుండా చూసుకోవాలి.

అలాగని 6 లక్షల దారి సురక్షితమా అంటే, అదీ కాదు. ఇంప్లాంటంటే టైటానియం స్క్రూ. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్‌కి చెందిన బ్రోనెమార్క్ 1950లలో గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. మంచి వైద్యమే, ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. కానీ చిగుళ్ల జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి అదే రకం ఇన్ఫెక్షన్ ఇంప్లాంటు చుట్టూ వచ్చి అక్కడి ఎముకనీ తినేసే ప్రమాదం ఎక్కువ. జబ్బుని అదుపులోకి తేకుండా పళ్ళు తీసి స్క్రూలు బిగిస్తే, అప్పు తీరకముందే ఆ స్క్రూలు కూడా కదలొచ్చు. ఈ సంగతి నాకు ఎస్టిమేటు ఇచ్చినచోట చెప్పలేదు. నేను అడగాల్సిన పని లేకుండా వాళ్ళే చెప్పాల్సిన విషయం అది.

ఇది చెప్పింది ఒక పెరియోడాంటిస్టు, అంటే చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ చేసిన డాక్టరు. పళ్ళ డాక్టర్లలో ఇలా విడివిడి శాఖలుంటాయని చాలామందికి తెలియదు. మావాళ్ళకీ తెలియదు. మేడమ్ ఒక్కో పన్నుకీ ఆరు చోట్ల లోతు కొలిచి, ఎంత కదులుతోందో రాసుకుని, చార్టు నా ముందు పెట్టి, "ఏం పెట్టించుకోవాలనేది తర్వాత చూద్దామమ్మా, ముందు వీటిలో నిజంగా పోయినవెన్నో చూడు" అన్నారు. పైన రెండు దవడ పళ్ళు, ముందు పన్ను ఒకటి, కింద ఎడమవైపు దవడ పన్ను ఒకటి. నాలుగు. ఈ నాలుగూ పైకీ కిందికీ కూడా కదులుతున్నాయి, వాటికి ఆశ లేదు. మిగతావాటిలో కొన్ని గట్టివి, కొన్ని అనుమానం. అనుమానమున్నవాటిని ముందే తీసేస్తే మళ్ళీ రావు, వైద్యం చేసి చూశాక తీయాల్సొస్తే అప్పుడైనా తీయొచ్చు అన్నారు. నా నిర్ణయం అక్కడే అయిపోయింది. లక్షలకీ సెట్టుకీ మధ్య ఇంత చోటుందని అంతకుముందు ఎవరూ చూపించలేదు.

వైద్యం ఏమంత సుఖంగా లేదు. నోరు భాగాలుగా చేసి, మత్తిచ్చి, చిగురు కింద వేరు దాకా శుభ్రం చేశారు. దాంతోపాటు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇచ్చారు. రెండోది వేసుకున్నన్నాళ్ళూ నోట్లో ఇనుము రుచి, అన్నం సహించేది కాదు. క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడ్డాయి, అవి తర్వాత పాలిష్‌లో పోయాయి. రెండు నెలల పైన ఆగి మళ్ళీ కొలిస్తే 7, 8 ఉన్నచోట్లు చాలామటుకు 4, 5కి వచ్చాయి. తగ్గని రెండు చోట్ల చిగురు తెరిచి ఫ్లాప్ సర్జరీ చేసి ఎముక పొడి నింపారు. కదిలే కింది ముందు పళ్ళని లోపలివైపు నుంచి సన్నటి ఫైబర్‌తో కలిపి కట్టారు.

క్లీనింగూ సర్జరీలూ ఒక డెంటల్ కాలేజీలో చేయించుకున్నాను. పీజీ చదువుతున్న డాక్టర్లు చేస్తారు, పక్కన ప్రొఫెసర్ ఉంటారు, టైమ్ ఎక్కువ పడుతుంది, ఖర్చు బయటి క్లినిక్‌లో మూడోవంతు కూడా కాలేదు. డబ్బుకి ఇబ్బందిపడేవాళ్ళు ఈ దారి తప్పకుండా చూడండి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడలోనూ ఉంది, ప్రైవేటు కాలేజీలు చాలా జిల్లాల్లో ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళాలి, లైనుంటుంది, సెలవులు సర్దుకోవాలి.

ఇక కట్టుడు పళ్ళ సంగతి. నాకూ వచ్చాయి, అన్నీ కాదు. ముందు పన్ను తీసిన రోజే పెట్టేలా ముందుగానే కొలత తీసి చిన్న ప్లేటు చేశారు, కాబట్టి సందుతో ఒక్కరోజు కూడా బయట తిరగాల్సిన పని పడలేదు. తర్వాత దవడ పళ్ళు కూడా కలిపి తీసిపెట్టుకునే పార్షియల్ సెట్టు చేశారు. పక్క పళ్ళు అరగదీసి వాటి ఆధారంతో కదలని పళ్ళు, అదే బ్రిడ్జి, వేయొచ్చు కదా అని అడిగాను, ఆ పక్క పళ్ళకే ఎముక తక్కువ, వాటి మీద ఇంకో బరువు పెట్టొద్దన్నారు. మొదట్లో స, శ పలకడం కష్టమైంది, ఫోన్‌లో క్లయింట్లతో మాట్లాడే పనికదా, రాత్రిపూట గదిలో పేపరు పైకి చదివి అలవాటు చేసుకున్నాను. చిగురు ఒరుసుకుని పుండైతే భరించొద్దు, వెళ్తే అరిగించి ఇస్తారు. సెట్టుని పేస్టుతో తోమితే గీతలు పడతాయి, సబ్బుతో మెత్తటి బ్రష్ చాలు. వేడినీళ్ళు తగలకూడదు, వంగిపోతుంది. రాత్రి తీసేసి నీళ్ళలో వేయాలి.

ఆ కాలేజీ లైన్లో నాకన్నా కాస్త చిన్నావిడ పరిచయమైంది. పై పళ్ళన్నీ తీసేసి ఫుల్ సెట్టు పెట్టుకుంది. తనకి పళ్ళన్నీ వేర్లదాకా పుచ్చిపోయి, నెలలో సగం రోజులు వాపూ మాత్రలూనట. "ఇప్పుడు నొప్పి లేకుండా నిద్రపోతున్నా అక్కా, నాకు అదే చాలు" అంది. ఆమె నిర్ణయం నాకు తప్పనిపించలేదు. పళ్ళు నిజంగా నిలవనప్పుడు సెట్టు పెట్టుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కింది పళ్ళన్నీ పోయినవాళ్ళకి రెండే ఇంప్లాంట్లు వేసి వాటికి సెట్టుని బటన్‌లా బిగించే పద్ధతి కూడా ఉంది, అమ్మమ్మలా డబ్బాలో పెట్టేయాల్సిన అవసరం రాదు, పూర్తి ఇంప్లాంట్ల కన్నా ఖర్చు చాలా తక్కువ. ఎస్టిమేటు ఇచ్చేవాళ్ళని ఇది కూడా అడగండి.

ఇప్పటిదాకా మొత్తం 45,000 దాకా అయింది, అమ్మ చీటీ ఎత్తితే సరిపోయింది, గొలుసు అమ్మాల్సిన అవసరం రాలేదు. వాపు తగ్గాక చిగుళ్ళు వెనక్కి తగ్గి పళ్ళు పొడుగ్గా కనిపిస్తున్నాయి, మధ్యలో నల్లటి సందులున్నాయి, చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. అది అలాగే ఉంటుందన్నారు. రోజూ రాత్రి సందుల్లో చిన్న బ్రష్‌లు పెట్టి శుభ్రం చేసుకోవడానికి చాలాసేపు పడుతుంది, మూడు నెలలకోసారి చూపించుకోవాలి, ఇది జీవితాంతం ఉండే పని. కొలతలు ఇలాగే నిలబడితే వచ్చే ఏడాది ముందు పన్ను ఒక్కదానికి ఇంప్లాంట్ వేస్తామన్నారు, దానికి ఇప్పటినుంచే నెలకి కొంత పక్కన పెడుతున్నాను. సంబంధాల వాళ్ళకి ముందే చెప్పాలని అమ్మతో అన్నాను, అమ్మ ఒప్పుకుంది, పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

ఇంట్లో ఒకరికుంటే తోడబుట్టినవాళ్ళకీ చూడాలని మేడమ్ అన్నారు కాబట్టి తమ్ముణ్ణి కూడా లాక్కెళ్ళాను. వాడికి 21, ఏ ఇబ్బందీ లేదు, ఎందుకని గొడవ చేశాడు. రెండు దవడ పళ్ళ దగ్గర 5 మిల్లీమీటర్లు వచ్చింది, ఎముక ఇంకా పెద్దగా పోలేదు. ఒక డీప్ క్లీనింగ్ చేసి, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. వచ్చే నెలలో ఇద్దరికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.