చంకలో బిళ్ళ

పోయిన నెల ఎడమ చేతికి టీకా వేయించుకున్నాను. రెండో రోజు స్నానం చేస్తుంటే ఎడమ చంకలో కుంకుడుకాయంత గడ్డ చేతికి తగిలింది. ఇక నిద్ర ఎక్కడిది? ఫోనులో వెతకడం మొదలుపెడితే తెల్లవారేలోపు నాకు రాని జబ్బు లేదు.

పొద్దున్నే అమ్మమ్మకు చెబితే నవ్వింది. "బిళ్ళ కట్టిందిరా. చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే గజ్జలో కట్టేది కాదూ!"

డాక్టరు గారూ అదే చెప్పారు, కాకపోతే శోషరస గ్రంథి అన్నారు, ఫీజు తీసుకున్నారు. సూది వేసిన చోట కాపలా కాసే కణాలు టీకాలోని సరుకును, అంటే క్రిమి ఆనవాలును, పట్టుకుని, శోషరస నాళాల వెంట దగ్గరలోని గ్రంథికి మోసుకుపోతాయట. అక్కడ కిక్కిరిసి ఉన్న బి, టి అనే తెల్ల రక్తకణాల్లో ఆ సరుకును గుర్తుపట్టగలిగేవి ఏ కొన్నో. అవి తారసపడగానే ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. నన్ను రాత్రంతా కూర్చోబెట్టిన వాపు ఆ సందడే! వాటిలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని ఆ క్రిమి ఆనవాలును గుర్తుపెట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఒంట్లో ఇలాంటి గ్రంథులు ఐదారు వందలు. బడిలో ఈ బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, ఒక్క ముక్క గుర్తు లేదు. నా కణాలకు నాకన్నా జ్ఞాపకశక్తి ఎక్కువ.

కొన్ని వారాలైనా తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. పదో రోజున తడిమి చూస్తే బిళ్ళ లేదు.