61 రోజులు కదలని మోటారు

కిందటి జూన్ రెండో వారంలో తూపిలిపాలెం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బోటు ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. రెండు ప్లగ్గులు మార్చినాను. ఇక్కడ చూసినాయన కాయిల్ పోయిందంటున్నాడు. నువ్వొకసారి వస్తావా?" అన్నాడు. తిరుపతిలో ఏళ్ల తరబడి స్కూటర్లు బాగుచేస్తున్న నాకు సముద్రంతో పరిచయం తక్కువే గానీ, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు ఉన్న టూ స్ట్రోక్ ఇంజిన్ స్కూటరుకు ఉన్నా, పడవ వెనుక వేలాడుతున్నా, మొరాయించే తీరు మాత్రం ఒక్కటే. ఆదివారం నాయుడుపేట మీదుగా బయలుదేరి వెళ్లాను.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ తమ్ముడు మోటారును విప్పి పంచలో భద్రంగానే పెట్టాడు గానీ, ట్యాంకులో సగానికి ఉన్న పెట్రోలునూ, కార్బొరేటరు గిన్నెలో మిగిలిన చుక్కలనూ ఎవరూ పట్టించుకోలేదు.

నేను మొదట అడిగింది ఒక్కటే: చోక్ లాగితే ఇంజిన్ అంటుకుంటుందా? "ఇరవై సార్లు తాడు లాగితే ఒకసారి అంటుకుంటుంది, చోక్ లోపలికి నొక్కగానే ఆగిపోతుంది" అన్నాడు. ఆ జవాబుతో, ప్లగ్గుకు నిప్పు పుట్టించే కాయిల్ మీద నాకున్న అనుమానం చాలావరకు పోయింది. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు వాటా పెంచుతుంది కాబట్టి, చోక్ ఉంటేనే నడిచే ఇంజిన్‌కు నిప్పు అందుతున్నట్లే, కరువు పెట్రోలుకే. అయినా ప్లగ్గు విప్పి చూశాను. పొడిగా ఉంది. అన్నిసార్లు తాడు లాగిన తర్వాత కూడా ప్లగ్గు తడవలేదంటే పెట్రోలు సిలిండరు దాకా చేరడం లేదన్నమాట. అదే తడిసి నల్లగా ఉండి ఉంటే, పెట్రోలు ఎక్కువై మునిగిందనో, నిప్పు లేదనో వేరే దారి పట్టేవాడిని. ట్యాంకును దూరంగా పెట్టించి, నీడలో ప్లగ్గును ఇంజిన్ లోహానికి ఆనించి తాడు లాగితే నీలిరంగు మెరుపు స్పష్టంగానే కనిపించింది.

ఇక ఇంధనం వచ్చే దారి వెంట నడవాలి. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచే ఉంది. అది మూసి ఉంచి గంటల తరబడి తాడు లాగేవాళ్లు కూడా ఉంటారు. గొట్టం మధ్యనున్న రబ్బరు బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని పిసికితే కాసేపటికి రాయిలా గట్టిపడాలి. ఎంత పిసికినా మెత్తగానే ఉంది. ఇంజిన్‌కు తగిలించే కొక్కెంలోని చిన్న రబ్బరు రింగు ఎండకూ ఉప్పుగాలికీ పగిలిపోయి, అక్కడ గాలి లాగుతోంది. రింగు మార్చగానే బల్బు గట్టిపడింది, ఇంజిన్ కూడా అంటుకుంది. కానీ చోక్ తీస్తే మళ్లీ ఆగింది.

అప్పుడు గానీ కార్బొరేటరు జోలికి పోలేదు. గిన్నె అడుగు మర విప్పి, అందులోని పెట్రోలును గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు ఉంచితే, అడుగున వేరే పొర తేరింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. టూ స్ట్రోక్ నూనె పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది కాబట్టి, అడుగుపొరతో ఇంజిన్ నడిస్తే పిస్టన్‌కు జిడ్డు అందదు. స్టార్ట్ కాకపోవడం కన్నా అది పెద్ద ప్రమాదం. ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, కొత్త పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున నూనె కలిపించాను. ఆ మోటారుకు చెప్పిన మోతాదు అదే. ఇంకాస్త పోస్తే ఇంజిన్‌కు మంచిదని తమ్ముడి నమ్మకం. ప్లగ్గులు ఊరికే మసిబారడానికి ఆ నమ్మకమూ ఒక కారణమే.

ఐడిల్ మీద, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. పెట్రోలు ఆరిపోగా మిగిలిన జిగురు దాన్ని మూసేసింది. ఇత్తడి జెట్‌లో గుండుసూది గానీ ఇనుప తీగ గానీ దూరిస్తే రంధ్రం పెద్దదై లెక్క తప్పుతుంది కాబట్టి, కార్బొరేటరు క్లీనరు కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా తీశాను. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండ్రంగా కనిపించేదాకా వదల్లేదు.

మోటారును నీళ్లు నింపిన డ్రమ్ములో బిగించాం. నీళ్లు లేకుండా తిప్పితే, ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి. తమ్ముడు రెండోసారి తాడు లాగగానే అంటుకుంది. చోక్ నొక్కినా ఆగలేదు. పక్కనున్న సన్నని రంధ్రం నుంచి నీళ్లు ధారగా చిమ్మాయి. వచ్చే ఏప్రిల్ 14న వేట ముగించి రాగానే మోటారును ఇదే డ్రమ్ములో పెట్టి, పెట్రోలు గొట్టం పీకేసి, దానంతట అది ఆగేవరకు నడపమని, ట్యాంకులో మిగిలింది వెంటనే వాడేయమని చెప్పి, ఆ కొత్త ప్లగ్గులు రెండూ దాచుకోమన్నాను.