రెడ్డీ, కట్టకు గండి పడింది!

నిన్న రాత్రి పదింటికి నాటిక ముగిసింది. ముఖం మీది రంగును కొబ్బరినూనెతో తుడిచి పాపను పడుకోబెట్టేసరికి పన్నెండయింది. నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. వేసవి సెలవుల్లో పిల్లలను నాటకంలో చేర్పించాలనుకునే మన అనంతపురం వాళ్లకు పనికొస్తుందేమో.

చేర్పించడం తేలిక. ఊళ్లోని ఒక నాటక బృందం ఏటా 10 నుంచి 16 ఏళ్ల పిల్లలతో ఒక నాటిక వేయిస్తుంది. పేరు, వయసు రాసిచ్చి 1,500 రూపాయలు కట్టాం. ఐదు వారాల పాటు సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా రిహార్సల్. మూడు రోజులు మానేస్తే పాత్ర ఇంకొకరికి పోతుందని కాగితం మీద ఉంది. ఎవరూ చదవకుండానే సంతకం పెట్టారు. నడుమ తిరుపతి ప్రయాణం పెట్టుకున్న ఒక కుటుంబం తరువాత లబోదిబోమంది. మీరు చదివి పెట్టండి.

ఈసారి కథ ముసలమ్మది. పేరుకే ముసలమ్మ, నిజానికి బసిరెడ్డి చిన్నకోడలు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగితే ఊరి కోసం ప్రాణమిచ్చిందని మన వైపు ఇంటింటా చెప్పుకునే కథ. మా పాప ముసలమ్మ వేషం కావాలంది. అనడమేమిటి, నేనే అనిపించాను. మా అమ్మ అయితే బీరువాలోంచి ధర్మవరం పట్టుచీర తీసి మనవరాలి నడుముకు కొలిచి చూసింది కూడా.

పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చదివించారు. పెద్దలను గుమ్మం దాటనివ్వలేదు. రెండు రోజులకు గోడ మీద పాత్రల పట్టిక అంటించారు. మా పాప పేరు కింది నుంచి రెండోది. వేషం నీరుగంటి, అంటే చెరువు తూము చూసుకునేవాడు. ఉన్నది ఒకటే మాట: "రెడ్డీ, కట్టకు గండి పడింది!"

తిన్నగా దర్శకుడి దగ్గరికి వెళ్లాను. చుట్టూ ముప్పై మంది ఉన్నారు. పక్కకు పిలిచి అడగాలన్న ఇంగితం ఆ క్షణాన లేకపోయింది. మా పాపకు పద్యాలు వచ్చనీ, ఆర్ట్స్ కాలేజీ రోజుల్లో నేను పౌరాణిక నాటకంలో పద్యం పాడి వన్స్‌మోర్ అనిపించుకున్నవాడిననీ (రెండుసార్లు), ఒక్క మాటకు పదిహేను వందలా అనీ కడిగేశాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మంచిది సార్, ఆ ఒక్క మాట మీరు చెప్పి చూపించండి, పిల్లలు నేర్చుకుంటారు" అని నన్ను స్టేజీ ఎక్కించి, తను పోయి చివరి వరుసలో కూర్చున్నాడు.

చెప్పాను. "వినబడలేదు సార్."

గొంతు పెంచాను. "ఇప్పుడు వినబడింది. కానీ గండి పడినట్టు లేదు, కరెంటు బిల్లు వచ్చినట్టుంది."

పిల్లలు నవ్వారు. మూడోసారి పాత అలవాటు కొద్దీ 'రెడ్డీ' మీద రాగం తీశాను. హాలంతా ఘొల్లుమంది. "సార్, మీ రాగం పూర్తయ్యేలోగా ఊరు మునిగిపోతుంది. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ గారు ఈ రాగాలు వద్దని పోరి పోరి 1946లో పోయారు. రాగాలు మాత్రం పోలేదు" అన్నాడు.

అందరూ నవ్వుతున్నారు. మా పాప నవ్వలేదు. తల వంచుకుని చెప్పు పట్టీ లాగుతూ నిలబడింది. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వయసు వచ్చిన మనిషిని పదిమందిలో అలా ఆడించవచ్చా? ఆయనకు విద్య ఉంది, మర్యాద లేదు. నా అభిప్రాయం ఇవాళ్టికీ అదే. దిగుతుంటే పైగా ఒక పని అప్పగించాడు: రోజూ చివరి వరుసలో కూర్చుని, పాప మాట స్పష్టంగా నా దాకా వస్తే చేయెత్తాలట. ఇక ఆ గడప తొక్కనని ఇంటికి వచ్చాను. మర్నాడు ఐదుకు పది నిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను.

మొదటి వారం చేయెత్తే పని పడలేదు. ఫ్యాన్ల చప్పుడులో గండి కాస్తా బండి అయ్యేది. అరవవద్దు, పరుగెత్తుకొచ్చి ఆగు, ఊపిరి తీసుకో, 'గం' మీద నిలబడు అని ఆయన దానికి నేర్పాడు. అది మేడ మీద సాధన చేస్తుంటే ఒకరోజు పక్కింటావిడ నీళ్ల ట్యాంకు పగిలిందేమోనని పరుగున వచ్చింది.

మిగతావి చిన్న సంగతులు. వేషాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర పిల్లల కొలతలు దొరకవు. పంచె, తలగుడ్డ ఇంట్లోవే వాడుకోండి. బొరుగులు, నీళ్లు తల్లిదండ్రులు వంతులవారీగా తేవాలి. వంతు రోజునే ఊరికి వెళ్లేవాళ్లుంటారు. ముసలమ్మ వేసిన పిల్ల తల్లి రెండుసార్లు వెళ్లారు. మా అమ్మ పట్టుచీర చివరికి ఆ పిల్లే కట్టింది. ఇవ్వమన్నది నేను కాదు, మా పాప.

నిన్న మూడో గంట మోగి తెర లేచింది. చాలాసేపటికి నీరుగంటి పరుగెత్తుకొచ్చింది. తలగుడ్డ జారి కంటి మీద పడింది. ఆగింది. "రెడ్డీ, కట్టకు గండి పడింది!"

నా ముందు కునికిపాట్లు పడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. నా చేయి దానంతట అదే లేచింది. నీళ్ల వంతు చూస్తున్న కుర్రాడు వంగి "దాహమా సార్?" అని గ్లాసు అందించాడు. తీసుకుని తాగాను.