వడ్డన ట్రే: పనంతా అడుగు వైపే

ఇప్పుడు బల్ల మీదున్నది పదిమంది కూర్చున్నచోట చేతులు మారుతూ తిరగాల్సిన ట్రే. కొలత 60 × 28 సెంటీమీటర్లు, రెండు టేకు పలకలు అతికించినది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, కాబట్టి జిగురు రాసే ముందు అంచుల్ని అసిటోన్‌తో తుడిచాను. జిగురు నీళ్లకు తట్టుకునే రకం.

పలక మందం 20 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఉత్త ట్రేనే రెండు కిలోలు దాటింది. దాని మీద నిండు గ్లాసులు పెట్టి పక్కవాళ్లకు అందించాలంటే మణికట్టు పని అయిపోయినట్టే. చిత్రిక పట్టి 16కి దించాక దాదాపు 400 గ్రాములు తగ్గింది.

పట్టుకోవడానికి చాలామంది రెండు చివర్లా పొడుగాటి రంధ్రం కోస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది గానీ నాకు నమ్మకం లేదు. చెక్క నార పొడవునా వెళ్తుంది. రంధ్రానికి అవతల మిగిలే సన్నటి పట్టీలో మాత్రం ఆ నార పొట్టి ముక్కలైపోతుంది. బరువు మోసేదేమో ఆ పట్టీనే! ట్రే ఓసారి చేజారితే పుటుక్కున విరిగేది అక్కడే.

అందుకని పైభాగం ముట్టుకోలేదు. అడుగున రెండు చివర్లా 30 మిల్లీమీటర్ల లోపలి నుంచి ఏటవాలుగా చెక్కుతూ వచ్చి, అంచు దగ్గర 9 మిల్లీమీటర్ల మందం ఉంచాను. కింద 5 మిల్లీమీటర్ల రబ్బరు కాళ్లు వేస్తే వేళ్లు హాయిగా దూరతాయి. తడి బల్ల మీద పెట్టినా అడుగు నానదు.

శాండ్ పేపర్ గరుకు నుంచి నున్నటిదాకా 120, 180, 220 నంబర్ల వరుసలో పట్టాను. తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని మళ్లీ 220తో తేలిగ్గా తీసేయాలి. ఇది మానేస్తే మొదటిసారి కడగగానే గరుకు తేలుతుంది. పూతకు ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు, రెండూ కరిగించి కలిపినవి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. పైనా కిందా సమంగా పూయాలి, లేకపోతే ఒకవైపే తేమ పీల్చి పలక వంగుతుంది.

గ్లాసులు జారకుండా పైన రెండు చివర్లా అడ్డపట్టీలు బిగించే పని మిగిలింది. తేమను బట్టి పలక వెడల్పు మారుతుంది, పట్టీ పొడవు మారదు. కాబట్టి జిగురు మధ్యలో మాత్రమే, రెండు కొసల్లో అడుగు నుంచి స్క్రూలు. పలకలో ఆ స్క్రూల రంధ్రాల్ని ఆకురాయితో వెడల్పు దిశలో కాస్త సాగదీయాలి.