పెరుగు మానేసినా తగ్గని ముక్కు దిబ్బడ

కడుపుతో ఉన్నప్పుడు, ఐదో నెల దాటాక మొదలైంది. తుమ్ముల్లేవు, జ్వరం లేదు, గొంతు నొప్పీ లేదు. ముక్కు మాత్రం బిగుసుకుపోయేది. పగలు ఏదో ఒక పక్క కాస్త ఆడేది, రాత్రి పడుకోగానే రెండూ మూసుకుపోయేవి. నోటితో ఊపిరి పీలుస్తుంటే నాలుక పిడచకట్టుకుపోయి మెలకువ వచ్చేది. లేచి నీళ్లు తాగడం, తాగినందుకు మళ్లీ బాత్రూముకు లేవడం. ఇక నిద్రెక్కడ?

ఇంట్లో అందరి లెక్కలో అది జలుబే. అత్తయ్య ముందు పెరుగు మాన్పించారు, తర్వాత అరటిపండు, ఆపైన తలస్నానం. "చలవ చేసిందమ్మా" అని పక్కింటి పిన్నిగారు వంత. పెరుగన్నం లేకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు. ముక్కు బాధ ఒక ఎత్తు, ఆ ఉక్రోషం ఒక ఎత్తు.

నెలవారీ చెకప్‌లో డాక్టరమ్మకు చెప్పాను. "ఇది జలుబు కాదు, ప్రెగ్నెన్సీ రైనైటిస్. సుమారు ఐదుగురు గర్భిణుల్లో ఒకరికి వస్తుంది" అన్నారు. హార్మోన్ల వల్ల, ఒంట్లో రక్తం పెరగడం వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బుతుందట. ఎంత చీదినా ఏమీ రాకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. అక్కడ అడ్డుపడింది చీమిడి కాదు, వాపు. పెరుగు తినొచ్చని అత్తయ్య వైపు చూసి మరీ చెప్పారు. ఆవిడ మాట్లాడలేదు కానీ మర్నాడు పాలు తోడేశారు.

మా ఆయన మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్ప్రే కూడా చూపించాం. అందులో ఉన్నది జైలోమెటాజోలిన్. ఇలాంటివి వెంటనే ముక్కు తెరుస్తాయి గానీ, రోజుల తరబడి కొడితే మందు ప్రభావం దిగగానే దిబ్బడ ఇంకా పెరుగుతుందని, గర్భిణులు అడక్కుండా అసలు వాడకూడదని పక్కన పెట్టించారు. గురక వస్తోందా అని అడిగారు. మా ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు, బీపీ చూశారు. గర్భంలో కొత్తగా మొదలైన గురకతో పాటు కొందరికి బీపీ కూడా పెరుగుతుందట. నాకు బాగానే ఉంది.

ఎక్కువ పనిచేసింది ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. మెడికల్ షాపులో సీసా, పొడి ప్యాకెట్లు దొరుకుతాయి. కుళాయి నీళ్లు పనికిరావు, మరగబెట్టి చల్లార్చినవే పోయాలి. మొదటిసారి గోదాట్లో మునిగి నీళ్లు మింగినట్టయింది. తల కొంచెం పక్కకు వంచి నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటయ్యాక ఇబ్బంది లేదు. లోపల ఎండిపోయి అప్పుడప్పుడు కనిపించే రక్తపు చారలు కూడా దీంతోనే తగ్గాయి. ఆవిరి పడితే హాయిగానే ఉండేది, కానీ కాసేపే. పైగా పొట్టతో గిన్నె మీదికి వంగడం ఒక సర్కస్.

రాత్రిళ్లు తలకింద రెండు దిళ్లు పెడితే మెడ పట్టేసింది. పరుపు కిందే బొంత మడిచి పెట్టి, భుజాల దగ్గర్నుంచి ఎత్తు చేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. సాయంత్రం గోదావరి గట్టు మీద నడిచిన రోజు ముక్కు తేలిగ్గా ఉండేది. పూర్తిగా పోయిందా అంటే, లేదు. నిద్ర మాత్రం పట్టేది.

కాన్పయ్యాక రెండు వారాల్లోపు దానంతటదే పోతుందన్నారు. నాకు అంతకంటే ముందే పోయింది. బిడ్డ హడావుడిలో ఏ రోజు తగ్గిందో కూడా గమనించలేదు. వంటింట్లోంచి ఇంగువ తిరగమోత వాసన తగిలాకే తెలిసింది.

ఇప్పుడు మా చెల్లికి ఆరో నెల, అదే దిబ్బడ. బొంత ఎలా మడవాలో వీడియో కాల్‌లో చూపించాను. జ్వరం వచ్చినా, పచ్చటి చీమిడి పడుతూ చెంపల్లో నొప్పి ఉన్నా సైనస్ కావచ్చు, అప్పుడు నా చిట్కాలు పట్టుకుని కూర్చోక డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పాను.