కౌంటర్ దగ్గర

“ఈ మందు దేనికి?” అంది ఫార్మసీ కౌంటర్ అవతలి అమ్మాయి. మిసోప్రోస్టాల్, గర్భసంచిని ఖాళీ చేసే మాత్ర. నా వెనక ఇంకో నలుగురున్నారు. కడుపులో బిడ్డ పోయిందని ఇంగ్లీషులో చెప్పాల్సొస్తే గొంతు ఎంత చిన్నదైపోతుందో ఆ రోజే తెలిసింది. డాక్టరుకి ఫోన్ చేసి, 40 నిమిషాల తర్వాత పొట్లం చేతికిచ్చింది.

టెక్సస్‌లోని డాలస్‌కి వచ్చి ఏడేళ్లు. తొమ్మిదో వారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. అయినా వారం ఆగి మళ్లీ స్కాన్ చేసి, రెండూ ఫైల్లో పెట్టాకే మందు రాశారు. ఆ వారమంతా పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ కాల్‌లో “నో బ్లాకర్స్”, పనికి అడ్డేమీ లేదని చెబుతూనే ఉన్నా.

తెనాలి నుంచి అమ్మ ఒకటే గోల. “మన డాక్టరమ్మైతే ఆ పూటే శుభ్రం చేసి పంపేది కదే! రెండు మాత్రలకి ఇంత రాద్ధాంతమా?”

ఏం చెప్పను? 2022 ఆగస్టు 25 నుంచి టెక్సస్‌లో అబార్షన్ చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా పడొచ్చు. కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సూ గోవిందా. పోయిన బిడ్డని తీయడం అబార్షన్ కాదని ఆ చట్టంలోనే ఉంది. ఉంటేనేం, అబార్షన్‌కి వాడే మాత్రా అదే కదా. రేపెవరైనా ఫైలు తిరగేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లు. అందుకే డాక్టరు మీద కోపం నిలవలేదు. కౌంటర్ పిల్ల మీద మాత్రం ఇంకా ఉంది. అడిగితే అడిగింది, కాస్త పక్కకి పిలిచి అడగొచ్చుగా!

మనకి 1971 నుంచే అబార్షన్‌కి వీలిచ్చే చట్టముంది, 2021లో కొందరికి 24 వారాల దాకా పెంచారు అని ఇక్కడి స్నేహితురాలితో గొప్పలు పోబోయి ఆగాను. మా పిన్నికి ఇలాగే అయితే బాలింతల మధ్యే మంచం వేశారు. ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు, నిజమే. ఏమీ చెప్పనూ లేదు.

2012లో ఐర్లండ్‌లో సవితా హలప్పనవర్ పోయింది, మన పక్క బెళగావి అమ్మాయి. 17 వారాల కడుపు ఇక నిలవదని తెలిసీ, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆపారు. ఇన్ఫెక్షన్ ఆగలేదు. హాస్టల్ టీవీలో చూసి అయ్యో అనుకుని మెస్‌కి వెళ్లిపోయాం.

మాత్రలతో ఇంటికొచ్చేసరికి మా ఆయన ఫోన్లో మ్యాప్ తెరిచి ఉంది. ఇలాంటి చట్టం లేని పక్క రాష్ట్రం న్యూ మెక్సికో, అల్బుకర్కీ ఊరు, పది గంటల దారి. “ఒకవేళ ఇవ్వకపోతే...” అన్నాడు. కారులో పెట్రోలు కూడా ఫుల్ కొట్టించి పెట్టాడు.